కుంపటి లంకలో చుట్టం విస్తరి

మంగళవారం

కుంపటి లంకలో దిగాను. దిగాను అనడం ఎందుకు, దింపేశారు. పడవ సరంగు నా సంచీని మోకాలి లోతు నీళ్ళలోకి గిరాటేసి, “ఈ శుక్రవారం కాదు, పై శుక్రవారం వస్తా. రేవులో ఉంటే ఎక్కు, లేకపోతే నీ ఖర్మ” అని పడవ తిప్పేశాడు. ఆ కంగారేమిటో! సంచీ తడిసింది, అందులో గుడారం తడిసింది, తిట్టడానికి తెరిచిన నా నోట్లోకి ఉప్పునీళ్ళు పోయాయి.

ఒడ్డున ఊరంతా నిలబడి ఉంది. అందరూ ముందు నా ఎడమ చేయి చూశారు, ఆ తరవాతే ముఖం చూశారు. చేతికి ఉన్నది మామూలు గాజే. మా నగరంలో బిడ్డ పుట్టగానే తొడుగుతారు, ఒళ్ళు పెరిగేకొద్దీ పెద్దది మారుస్తారు. మన పేరు, నాడి, నెత్తురు అన్నీ దానికి తెలుసు. తలుపులు దానికే తెరుచుకుంటాయి, రైళ్ళు దానికే ఆగుతాయి. ముక్కులాగా అందరికీ ఉండేదే కాబట్టి ఎవరూ దాన్ని పట్టించుకోరు. ఇక్కడ మాత్రం ఎవరి చేతికీ లేదు. సముద్రం ఊళ్ళు మింగినప్పుడు ఎత్తు ప్రాంతాల శిబిరాలకు వెళ్ళినవాళ్ళకు గాజులు వచ్చాయి. వీళ్ళు శిబిరాలకు పోకుండా పడవలెక్కి ఈ లంకకు వచ్చేశారు.

“ఓలమ్మోలమ్మ, సుట్టం ఒచ్చీసింది!” అంటూ ఒక ముసలావిడ నా తడి సంచీ లాక్కుని నెత్తిన పెట్టుకుంది. పేరు పోలమ్మ. డెబ్బై దాటి ఉంటాయి, నడకలో నేను అందుకోలేకపోయాను. కొండ అంచు ఎక్కగానే కనపడింది గుండం. అగ్నిపర్వతం నోట్లో పచ్చటి చెరువు, మధ్యలో ఒక పెద్ద గొట్టం నీళ్ళను తాటిచెట్టంత ఎత్తుకు చిమ్ముతోంది. నీటి పక్కన నల్లటి ఇసుక, చదునైన నేల. అక్కడ గుడారం వేసుకుంటానన్నాను.

“ఒల్లకో గుంటా. సుట్టానికి పైనిల్లే” అంది పోలమ్మ, నా మాట అయిపోకుండానే.

పైనిల్లు అంటే నిజంగా పైనే, కొండ అంచున. కిటికీలోంచి గుండం ఎక్కడో కింద చేటంత కనపడుతుంది. ఇంత దూరం వచ్చింది దీన్ని దూరం నుంచి చూడటానికా? గడప దగ్గరే గొణిగాను. పోలమ్మ కూతురు మసేనమ్మ నవ్వి, నా కాళ్ళకు నీళ్ళు పోసింది. నలభై ఏళ్ళ మనిషి, తక్కువ మాటలు. భోజనాల సావిట్లో అందరికంటే ముందు నాకు అరిటాకు వేశారు. చేపల పులుసు, బాతుగుడ్డు, వేడన్నం. సిగ్గు లేకుండా మూడుసార్లు వేయించుకున్నాను. ఆకు మడవబోతే మసేనమ్మ చేయి పట్టుకుంది. “మా ఊర్లో సుట్టం ఇస్తరి ఎత్తకూడదమ్మా. ఇంకో ఆకు ఏసినాకే మేం తీస్తాం” అంది.

గురువారం

వీళ్ళ మీద విసుక్కుందామన్నా కుదరడం లేదు. పొద్దున్నే ఎవరో ఒకరు మెట్లెక్కి వచ్చి, లేచానా లేదా అని తొంగి చూసి పోతారు. ఒకరు కొబ్బరిబొండం, ఒకరు తాజా చేప. నగరంలో మా ఎదురింటివాళ్ళ పేరు కూడా నాకు తెలియదు.

ఇక్కడ పొయ్యి అంటే నేలలో బొరియ. గుండం ఒడ్డున ఆవిరి పైకి తన్నే బొరియలు బోలెడు, ఇంటికొకటి. బియ్యం, నీళ్ళు పోసిన కుండను తాడుతో దింపి, మూత పెట్టి, ఊసులాడుకుంటూ కూర్చుంటారు. అన్నం అదే ఉడుకుతుంది. వెచ్చటి బండల మీద చేపలు ఎండేస్తారు. పోలమ్మ ఇల్లు నీళ్ళ పక్కనే, కింది వరసలో. ఆ వరసలో మిగతా ఇళ్ళన్నిటికీ తలుపులు వేసి ఉన్నాయి. వాటిలో ఆవిడ బాతులు పెంచుతోంది.

“వీళ్ళంతా ఏరీ?” అని అడిగాను.

“ఎల్లిపోనారు” అంది, బాతులకు నూకలు చల్లుతూ.

మధ్యలో గొట్టాన్ని వీళ్ళు ఏనుగు అంటారు. తొండంతో నీళ్ళు చిమ్ముతుందట. దాని బాగోగులు చూసేది దానయ్య అని బట్టతలాయన. రోజూ తెప్ప వేసుకుని వెళ్ళి నాచు గీకి, వచ్చేముందు దానికి దండం పెడతాడు. ఎందుకీ ఏనుగు అంటే, “గుండానికి కడుపుబ్బరం తల్లే. ఇది తేనుపులు తెప్పిత్తాది” అన్నాడు. నవ్వాను. ఆయనా నవ్వాడు.

ఒక్కటే చిరాకు. గంధకపు ఆవిరి గాజు కిందికి దూరి మణికట్టు దురద పెడుతోంది.

ఆదివారం

ఇవాళ గొడవైంది. ఎవరూ చూడకుండా గుడారం చంకన పెట్టుకుని గుండం ఒడ్డుకు దిగాను. రెండు మేకులు కొట్టానో లేదో, దానయ్య, మసేనమ్మ, ఇంకో నలుగురు పరుగెత్తుకొచ్చారు. మేకులు పీకేశారు. గుడారం చుట్టేశారు. నేను అరిచాను. ముప్పై రెండేళ్ళ ఆడదాన్ని, ఎక్కడ పడుకోవాలో నాకు ఒకళ్ళు చెప్పాలా అన్నాను. వాళ్ళు నవ్వుతూనే మేకులు ఏరుకున్నారు. అదే నాకు ఇంకా ఒళ్ళు మండించింది. తిట్టినా నవ్వే మనుషులను నేను నమ్మను.

కోపంతో మధ్యాహ్నం భోజనానికి వెళ్ళలేదు. సాయంత్రం వెళితే నా చోట ఆకు వేసి ఉంది. అన్నం చల్లారి, అంచులు వాడిపోయి, అలాగే ఉంది. నేను కూర్చున్నాక దాని పక్కన కొత్త ఆకు వేసి, అప్పుడు పాతది తీశారు.

“పుండవుతంది” అంది పోలమ్మ, నా మణికట్టు తిప్పి చూస్తూ. “పసుపూ ఆముదం రాత్తాను. అది తియ్యి.”

తీయడం కుదరదన్నాను. నిజానికి గాజు తీయడం పెద్ద పనేం కాదు, అడుగున చిన్న నొక్కు ఉంటుంది. అలవాటు లేదు, అంతే.

సోమవారం

తెలిసింది. ఇప్పుడు అంతా తెలిసింది.

మధ్యాహ్నం బంతిలో కూర్చుని, శుక్రవారం పడవకు వెళ్ళిపోతానని మాటవరసకు అన్నాను. గరిటెలు ఆగిపోయాయి. మసేనమ్మ తల్లి వైపు చూసింది. పోలమ్మ దానయ్య వైపు చూసింది. దానయ్య లేచి చేయి కడుక్కుని వచ్చి నా ఎదుట కూర్చున్నాడు.

“ఇంకో నెలుండు తల్లే. ఒక్క నెల.”

“ఎందుకు?”

“నువ్వెలిపోతే ఏనుగు ఆగిపోద్ది.”

మెల్లమెల్లగా చెప్పాడు. ఏనుగుకు కరెంటు సముద్రం కిందనుంచి వస్తుంది. ఇచ్చేది మా నగరాన్ని ఏలే మండలి. గాజు ఉన్న మనిషి లంకలో ఉంటేనే మండలి యంత్రం కరెంటు వదులుతుంది. మనుషులు లేనిచోట కరెంటు దండగ కదా! వీళ్ళు మూడు వందల మంది ఉన్నా, యంత్రానికి ఇది ఖాళీ లంకే. ఏనుగు ఆగితే గుండం అడుగున విషపు గాలి పేరుకుంటుంది. రంగుండదు, వాసనుండదు. కడుపు నిండినప్పుడు ఒక్కసారిగా పొంగి, బరువు కాబట్టి పల్లంలో పరుచుకుంటుంది. పోయిన చలికాలంలో చుట్టం ఎవరూ రాలేదు. కింది వరస ఇళ్ళకు తలుపులు పడ్డది అప్పుడే. పోలమ్మ మొగుడూ మసేనమ్మ మొగుడూ ఆ వరసలోనే పోయారు. అప్పుడు నిండిన కడుపు ఇంకా పూర్తిగా ఖాళీ కాలేదు. నెల రోజులు ఆగకుండా ఆడితేగాని గండం గడవదు.

“గాజు మీకు వదిలేసి వెళితే?” అన్నాను.

“అదీ అయినాది” అన్నాడు దానయ్య. “ఓ పాలి ఒక సుట్టం బాబు జాలిపడి గాజు ఇప్పి ఇచ్చెల్లినాడు. మడిసికి తొడిగితే మడిసినే ఎత్తుకుపోతారేమోనని బయ్యమేసి, మేక కాలికి తొడిగినాం. ఓ పూట ఆడింది ఏనుగు. ఆనక ఆగిపోనాది. ఆకాశంలోంచి బండి దిగి, పౌరుడికి జబ్బు చేసింది, ఆసుపత్రికి అని మేకనెత్తుకుపోనాది. మందిచ్చి పంపిత్తారనుకున్నాం. నేటికీ రానేదు.”

బంతి అంతా నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వుతూ నవ్వుతూ ఉండగా నాకు తట్టింది. కొబ్బరిబొండాలు. బాతుగుడ్లు. పొద్దున్నే తొంగి చూడటం. పైనిల్లు. అన్నీ ఈ ప్లాస్టిక్ ముక్క కోసం. నేను ఆకు ముందు కూర్చున్నంతసేపూ వీళ్ళు అన్నం పెట్టింది నాకు కాదు.

“ముందే చెప్పొచ్చుగా?”

“సెప్తే ఇన్నోల్లందరూ పై పడవకే ఎలిపోనారమ్మా” అంది మసేనమ్మ.

లేచి వచ్చేశాను. తినడం కూడా పూర్తి చేయలేదు.

మంగళవారం

జ్వరం. మణికట్టు వాచింది. గాజు మాంసంలోకి దిగినట్టుంది. ఎవరు మెట్లెక్కి వచ్చినా తలుపు తీయలేదు. బొండాలు గడప బయట వరసగా పేరుకున్నాయి. వీళ్ళ మీద జాలిపడాలా, వీళ్ళను తిట్టాలా తేలడం లేదు, కాబట్టి తిడుతున్నాను. శుక్రవారం పడవెక్కుతాను. మండలి చేసిన పాపానికి నేనెందుకు కాపలా కూర్చోవాలి? నేనేమన్నా గుడి దీపమా, ఆరకుండా చూసుకోవడానికి?

బుధవారం

మధ్యాహ్నం పోలమ్మ తలుపు తోసుకుని వచ్చింది. గొళ్ళెం పెట్టడం మరిచిపోయానేమో. చిప్పలో పసుపూ ఆముదం కలిపి తెచ్చింది. నా చేయి ఒళ్ళో పెట్టుకుని, “ఓలమ్మ, సీము పట్టీసింది” అని కళ్ళు తుడుచుకుంది.

ఆ ఏడుపు చూసి నాకు తిక్కరేగింది. “చాల్లే నటన. ఈ గాజు ఎవరి చేతికుంటే వాళ్ళకు కారుస్తావు ఆ కన్నీళ్ళు. మేకకు కూడా కార్చే ఉంటావు” అన్నాను.

పోలమ్మ చేయి ఆగింది. నన్ను ఒక్క మాట తిట్టినా బాగుండేది.

“దీని కోసమే అనుకున్నావేటి?” అంది. “ఇది నేకపోతే నీకు కూడెట్టమా? మాం మడుసులం కాదేటి?”

“అయితే తీసుకో. నీకు కావలసింది అదేగా” అని నొక్కు నొక్కి గాజు ఊడదీసి ఆవిడ ఒళ్ళోకి విసిరాను. చర్మం కూడా కొంత దాంతోపాటు ఊడింది.

ఆవిడ గాజును పక్కన పెట్టి, ముందు పుండు కడిగింది. పసుపూ ఆముదం పట్టించి మెత్తటి గుడ్డ చుట్టింది. తరవాత గాజు తీసి, తన మణికట్టుకు తొడుక్కుని నొక్కుకుంది. దానిమీద చిన్న దీపం వెలిగింది.

“రేపటిదాకా పుండు ఆరనీ. అందాకా నా సేతికుంటాది. మేకంటే మేక గాబట్టి కాదంది. నాను మడిసినే గదా” అంది. “ఎత్తుకుపోతే పోనీ. ముసిల్దాన్ని, నాకేటి బయ్యం?”

గాజు వదిలేసి వెళితే అని మొన్న ఆలోచించకుండా అన్నానుగానీ, అది నెత్తురు చూస్తుందని నాకు తెలుసు. ఎవరి గాజు వాళ్ళకే. ఒక పూట చూసి, సొంత మనిషి కాదని తేల్చి, ఆపేస్తుంది. ఆ మాట నాలిక చివరిదాకా వచ్చింది. చెప్పలేదు. నా పంతం నాది. రేపు పొద్దున్నే తిరిగి తొడుక్కుంటాలే, ఒక పూటకు ఏం మునిగిపోతుంది అనుకున్నాను. చేతికి హాయిగా ఉంది. వారంలో మొదటిసారి నిద్ర పడుతోంది.

గురువారం

రాసి తీరతాను. ఎక్కడో ఒకచోట ఉండాలి ఇది.

పొద్దున ఎండ మొహం మీద పడి మెలకువ వచ్చింది. ఏదో తక్కువగా ఉంది. కాసేపటికి అర్థమైంది, ఏనుగు చప్పుడు లేదు. అంతలో కింద కంచాలు బాదుతున్న మోత. ఊరంతా పిల్లల్ని చంకనెత్తుకుని మెట్లెక్కి వస్తోంది, అందరూ నా ఇంటికే. లంకలో అన్నిటికన్నా ఎత్తున ఉన్నది ఇదే. ప్రాణానికి గట్టి చోటు ఏదో దాన్ని చుట్టానికి ఇచ్చి, వీళ్ళు పల్లంలో పడుకున్నారు. నేను గడపలో నిలబడి గొణిగింది ఈ ఇంటి గురించే.

మసేనమ్మ అందరికన్నా వెనక వచ్చింది. అడుగడుగుకీ వెనక్కి చూస్తోంది.

“అమ్మ రానంతంది” అంది. “నాను కదిల్తే నాడి అందదు, మీరెల్లండి అంతంది. సెయ్యి పట్టి లాగితే తోసీసింది.”

అంచు దగ్గరికి పరుగెత్తాను. గుండం ఒడ్డున, నీళ్ళకు అడుగు దూరంలో పోలమ్మ నిలబడి ఉంది. గాజు ఉన్న చేయి పైకెత్తి ఏనుగుకు చూపిస్తోంది. ఇంత దూరానికీ గొంతు సన్నగా వినపడింది. “నానున్నాను! ఇదిగో, నానున్నాను!”

అది పనిచేయదని కేకేశాను. నా గొంతు అందలేదో, అందినా నమ్మలేదో. దిగబోతే దానయ్య నా నడుము పట్టుకుని వెనక్కి లాగాడు. “నువ్వు పోతే అందరం పోతాం” అన్నాడు. గింజుకున్నాను, ఆయన చేయి కొరికాను. వదల్లేదు.

నీళ్ళు మధ్యలో తెల్లగా మారి ఉబ్బాయి. తెల్లటి తెర ఒకటి మెల్లగా ఒడ్డెక్కింది. బాతులు ముందు పడ్డాయి. పోలమ్మ ఎత్తిన చేయి దించి, రెండో చేయి ఎత్తింది, ఇది కాకపోతే అది అన్నట్టు. తరవాత అలిసిపోయిన మనిషిలా కూర్చుంది. ఆ తరవాత ఒరిగిపోయింది.

గాలి తిరిగేసరికి మధ్యాహ్నం దాటింది. నలుగురు దిగి ఆమెను తెచ్చారు. మసేనమ్మ తల్లి చేతి నుంచి గాజు తీసి, పైటకొంగుతో తుడిచి, నా దగ్గరికి వచ్చింది. నా చేతి గుడ్డ విప్పి చూసింది. “ఆరినాది” అంది. ఏడవలేదు. “తొడుక్కో తల్లే.”

తొడుక్కున్నాను. కాసేపటికి ఏనుగు దగ్గి, నీళ్ళు చిమ్మింది. ఊరంతా చేతులు జోడించింది. ఏనుగుకో, నాకో.

ఆ వెంటనే మండలి బండి ఆకాశంలోంచి దిగింది. లోపల మనిషి లేడు, గొంతు ఉంది. చక్కటి తెలుగు. “పౌరురాలు నిరోష గారూ, మీ నాడి సరిగా ఉంది. లంకలో పౌరుల సంఖ్య ఒకటి. ప్రాణనష్టం లేదు. దయచేసి ఎక్కండి.”

చాప మీద పడుకోబెట్టిన పోలమ్మను చూపించాను. “ఈమె మనిషి. చచ్చిపోయింది. రాసుకో” అన్నాను.

“లంకలో పౌరుల సంఖ్య ఒకటి. ప్రాణనష్టం లేదు” అంది మళ్ళీ.

రాయి తీసి విసిరాను. నోటికొచ్చిన బూతులన్నీ తిట్టాను. ధన్యవాదాలు చెప్పి పైకి లేచిపోయింది.

శుక్రవారం

పడవ కూత వినపడింది. రేవుకు వెళ్ళలేదు. అంచు నుంచి చూశాను, సంచీ భుజాన వేసుకున్నవాళ్ళు ఎవరైనా దిగుతారేమోనని. ఎవరూ దిగలేదు. సరంగు కాసేపు ఆగి తిప్పుకుని పోయాడు. నా వెనక ఊరంతా నిలబడి ఉందని తిరిగి చూస్తేగాని తెలియలేదు. ఎవరూ ఉండమనలేదు.

నిన్న రాత్రి మసేనమ్మకు చెప్పేశాను, గాజు పోలమ్మ చేతికి పనిచేయదని నాకు ముందే తెలుసని. తెలిసి చెప్పలేదని. ఆమె వింటూ చాప అల్లుతోంది. అల్లిక ఆపలేదు. “పుండు ఇంకా నొప్పిగుందా?” అని అడిగింది.

ఇక్కడ చావింటివాళ్ళు మూడు రోజులు బొరియలో కుండ దింపరు. పక్కిళ్ళవాళ్ళు తెచ్చిపెడతారు, లేకపోతే పస్తు. ఇవాళ మధ్యాహ్నం మసేనమ్మ తన తల్లి బొరియ దగ్గర ఒక్కతే కూర్చుని కుండ దింపింది. ఎవరూ వద్దనలేదు. సావిట్లో ఒక్క ఆకే వేశారు. నేలమీద వాళ్ళ మధ్య కూర్చుంటానన్నాను, నేనూ పస్తుంటానన్నాను. దానయ్య నా భుజం పట్టుకుని నా చోట కూర్చోబెట్టాడు. ఆయన చేతి మీద నా పళ్ళ గాట్లు కనపడుతున్నాయి.

ఇకమీదట వీళ్ళు నాకు పెట్టే అన్నం ప్రేమో, భయమో, కడుపుమంటో నాకు ఎప్పటికీ తెలియదు. అడిగే హక్కు నాకు లేదు. ఒకసారి అడిగితే జవాబు చెప్పినావిడ ఇప్పుడు లేదు.

మసేనమ్మ అన్నం పెట్టి, పప్పు వేసి, ఎదుట కూర్చుంది. నేను మొదటి ముద్ద మింగేదాకా చూసింది.

“పప్పులో ఉప్పు సరిపోనాదేటి తల్లే?” అంది.

పప్పులో ఉప్పు అసలు లేదు.

“సరిపోయింది” అన్నాను.

“ఇంకొంచెం ఎయ్యనా?”

“వెయ్యి” అన్నాను.